నీళ్లు మానకండి, ముందు చాయ్ తగ్గించండి

అక్కా, మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ చేరేలోపే మూత్రం కోసం మెట్రో రెండుసార్లు దిగాల్సి వస్తోందని, అందుకే నీళ్లు బాగా తగ్గించానని రాశారు. దయచేసి అలా చేయకండి. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా ఇబ్బంది పెడుతుంది.

నాకూ ఇదే బాధ ఉండేది. రోజుకు 4 ఇరానీ చాయ్‌లు తాగేదాన్ని. వారానికొకటి చొప్పున తగ్గించి ఒక్కదానికి తెచ్చాక చాలా తేడా కనిపించింది. ఒకేసారి మానేస్తే తలనొప్పి రావచ్చు. కాఫీ, కూల్‌డ్రింకులు కూడా తగ్గించండి. పులుపు, కారం అందరికీ ఇబ్బంది చేయవు. ఏం తిన్నారో, ఎన్నిసార్లు వెళ్లారో వారం రాసుకుంటే మీకు పడనిదేదో తెలుస్తుంది. మలబద్ధకం ఉంటే జొన్నరొట్టె, ఆకుకూరలు పెంచండి, మలబద్ధకం కూడా మూత్రాశయాన్ని నొక్కుతుంది.

మంట, రక్తం కనిపిస్తే మాత్రం ఆగకుండా డాక్టర్‌కు చూపించుకోండి. ఇంతకీ షుగర్ టెస్ట్ చేయించారా?