సంతకానికి ముందు సర్వే రిపోర్టు చూడండి

ప్రశ్న: మాది నకిరేకల్. రెండు నెలల కిందట హైదరాబాదు నుంచి వస్తుండగా చిట్యాల దాటాక ఒక లారీ మా కారును వెనుక నుంచి గుద్దింది. నా భార్య కాలు విరిగింది. ఆసుపత్రి హడావుడిలో పడి బీమా కంపెనీకి నాలుగో రోజున గానీ చెప్పలేకపోయాను. కారు కొని నాలుగున్నరేళ్లయింది, ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది. షెడ్డువారు రూ.1,40,000 అంచనా వేస్తే కంపెనీ రూ.82,000 ఇస్తామంటోంది. ‘ఆలస్యంగా చెప్పారు, ఇదీ పోతుంది, సంతకం పెట్టండి’ అని తొందరపెడుతున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు

జవాబు: ఆలస్యం గురించి మీరు భయపడవద్దు. తప్పనిసరి కారణాల వల్ల ఆలస్యమైన నిజమైన క్లెయిమును ఆ ఒక్క సాకుతో తోసిపుచ్చరాదని బీమా నియంత్రణ సంస్థ 2011 సెప్టెంబరు 20నాటి సర్క్యులర్‌లోనే కంపెనీలకు చెప్పింది. ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీని జతచేసి, కారణాన్ని రాతపూర్వకంగా తెలపండి.

తగ్గించిన మొత్తంలో కొంత న్యాయమైనదే కావచ్చు. పాలసీ నిబంధనల ప్రకారం బంపర్ వంటి ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం, నాలుగేళ్లు దాటి ఐదేళ్లలోపున్న కారు ఇనుప భాగాలకు 35 శాతం తరుగు కోస్తారు; అద్దాలకు మాత్రం కోయరు. తరుగు కోయకుండా ఉండేందుకు అదనపు ప్రీమియంతో తీసుకునే ‘జీరో డిప్రిసియేషన్’ రక్షణ మీకు ఉంటే ఈ కోత సాధారణంగా వర్తించదు కనుక పాలసీ కాగితాన్ని ముందు దానికోసమే చదవండి. ఆపైన నష్టాన్ని అంచనా వేసిన సర్వేయర్ రిపోర్టు ప్రతిని కోరి, ఏ భాగానికి ఎంత కోశారో షెడ్డువారి అంచనాతో పక్కపక్కన పెట్టి చూడండి. లెక్క చూపించకుండా సంతకం అడగడం సరైన పద్ధతి కాదని నా గట్టి అభిప్రాయం.

డబ్బు అత్యవసరమైతే ‘అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను’ అని రాసి, తేదీ వేసి, ప్రతిని దాచుకోండి. డబ్బు ముట్టిందని రాసిచ్చే వోచరుపై సంతకం చేసినంత మాత్రాన, అది ఒత్తిడితోనో మోసంతోనో తీసుకున్నదని చూపగలిగితే, వినియోగదారుని హక్కు పోదని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆ ఒత్తిడిని రుజువు చేసే బరువు మీపైనే ఉంటుంది. కంపెనీకి లిఖిత ఫిర్యాదు చేసిన నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోగా బీమా కంపెనీలపై ఫిర్యాదులను పరిష్కరించే అధికారి అయిన హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు.

మీరు అడగని సంగతి ఒకటుంది, అది రూ.58,000 తేడా కన్నా పెద్దది. మీ భార్య గాయానికి పరిహారం చెల్లించవలసింది మీ కంపెనీ కాదు, లారీకి బీమా చేసిన కంపెనీ. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద ఆ దరఖాస్తును ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో వేయాలి. ప్రమాదం జరిగిన చోటుకే కాక, మీరు నివసించే చోటుకు అధికారం ఉన్న ట్రిబ్యునల్‌లోనూ వేయవచ్చు కాబట్టి నల్గొండలోనే వేసుకోవచ్చు. ఇప్పటికే రెండు నెలలు గడిచాయి. ఎఫ్ఐఆర్ ప్రతి, లారీ నంబరు, ఎక్స్‌రేలు, మందుల బిల్లులు తీసుకొని ఈ వారమే వకీలును కలవండి.

ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్రగాయమే. ఎవరి తప్పో నిరూపించకుండానే అదే చట్టం 164వ సెక్షన్ కింద రూ.2,50,000 వస్తుంది. కానీ లారీ బీమా కంపెనీవారు రాజీకి వచ్చి ఆ మొత్తం ఇవ్వగా మీరు ఒప్పుకుంటే ట్రిబ్యునల్ దరఖాస్తు రద్దవుతుంది. చికిత్స ఇంకా సాగుతున్నా, ఆమె పనికి వెళ్లలేకపోతున్నా, ఆ ఖర్చూ నష్టమూ లెక్క తేలేవరకు ఆమె చేత ఆ రాజీ కాగితంపై సంతకం పెట్టించవద్దు.