జనవరిలో తల్లిన్ నుంచి విల్నియస్ దాకా కారు ప్రయాణం: మా అనుభవం

జనవరి సెలవుల్లో యూరప్‌లోని చిన్న దేశాలు నాలుగైదింటిని ఒకే వారంలో కారులో చుట్టి రావచ్చా, నాలుగేళ్ల పాపతో ఇబ్బంది పడతామా, ఏ దేశాలు ఎంచుకుంటే మంచిది అని మీరు అడిగారు. మా అమ్మాయికి సరిగ్గా నాలుగేళ్లున్నప్పుడు మేము ఇలాంటి ప్రయాణమే చేశాము కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. చుట్టి రావచ్చు, పాపతో ఇబ్బంది లేదు, కానీ నాలుగైదు దేశాలు వద్దు. ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా, ఈ మూడు బాల్టిక్ దేశాలూ చాలు. చలికాలంలో కారు ప్రయాణానికి యూరప్ మొత్తంలో ఇంతకంటే మంచి దారి లేదన్నది నా గట్టి నమ్మకం.

ఉద్యోగరీత్యా ఆరేళ్లుగా ఎస్టోనియా రాజధాని తల్లిన్‌లో ఉంటున్నాను. చలికాలపు యూరప్ అనగానే మనవాళ్లందరూ స్విట్జర్లాండ్ పేరే ఎత్తుతారు. అక్కడి కొండలు అందమైనవే, కాదనను. అయితే స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, స్లోవేనియా దేశాలలో పెద్ద రహదారులు ఎక్కడానికి ఏ దేశపు రుసుము ఆ దేశానికి విడిగా కట్టుకోవాలి, కొండదారుల్లో మంచు పడితే దారి ఎప్పుడు మూసేస్తారో చూసుకుంటూ ఉండాలి. బాల్టిక్ దేశాలలో ఎత్తైన కొండలు లేవు, కార్లకు టోల్ లేదు, మూడింటిలోనూ యూరోయే చెల్లుతుంది, గడియారం మార్చుకోనక్కరలేదు. మూడూ 2004లో యూరోపియన్ యూనియన్‌లోనూ, 2007 డిసెంబరులో షెంగెన్‌లోనూ చేరాయి కాబట్టి ఒకే వీసా సరిపోతుంది. మూడింటి విస్తీర్ణం కలిపితే సుమారు 1.75 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఆంధ్రప్రదేశ్ కంటే కాస్త ఎక్కువ. జనాభా మాత్రం మూడింటిదీ కలిపి 60 లక్షల పైచిలుకే, హైదరాబాద్ నగర జనాభా కంటే తక్కువ. రోడ్డు మీద ఆ తేడా మీకే తెలుస్తుంది. అడవి, మంచు కప్పిన పొలం, మళ్లీ అడవి, చాలాసేపటికి ఒక ఊరు.

ఇక అసలు విషయానికి వస్తాను. జనవరిలో ఇక్కడ మీ ప్రయాణాన్ని నిర్ణయించేది దూరం కాదు, వెలుతురు. సంక్రాంతి రోజుల్లో తల్లిన్‌లో తొమ్మిది గంటలకు తెల్లవారి, సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది. మొత్తం పగలు ఏడు గంటలు కూడా ఉండదు. దక్షిణాన ఉన్న లిథువేనియా రాజధాని విల్నియస్ చేరేసరికి దాదాపు ఒక గంట ఎక్కువ దొరుకుతుంది. తల్లిన్ నుంచి లాత్వియా రాజధాని రీగాకు 310 కిలోమీటర్లు, నాలుగున్నర గంటలు చాలునని ఫోన్‌లోని మ్యాప్ చూపిస్తుంది. అది చూసి దారిలో మూడు చోట్ల ఆగుదామని లెక్క వేసుకుంటే ఆ మూడింటిలో రెండింటిని చీకట్లోనే చూస్తారు. ఒక్క వారంలో ఏడు దేశాలు చూపిస్తామని వీడియోలు చేసేవాళ్ల మీద నాకు కోపం ఇందుకే. ఆ వీడియోలలో కనిపించేదంతా వేసవి పగలు. ఇక్కడ వేసవిలో రాత్రి పది దాటినా వెలుతురు ఉంటుంది కాబట్టి ఆ లెక్క అప్పుడు నడుస్తుంది, జనవరిలో నడవదు.

మాకు ఈ సంగతి మొదటి రోజే బోధపడింది. జనవరి 10న తెల్లవారగానే నేను, నా భార్య, మా అమ్మాయి అద్దెకు తీసుకున్న కారులో తల్లిన్ నుంచి బయలుదేరాము. చలి సున్నాకు ఎనిమిది డిగ్రీలు కింద ఉంది. మంచు టైర్లు ఉన్నాయో లేదో చూసుకున్నాను. ఎస్టోనియా, లాత్వియాలలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా, లిథువేనియాలో నవంబరు 10 నుంచి మార్చి నెలాఖరు దాకా అవి తప్పనిసరి. మేకులు దిగ్గొట్టిన టైర్లకు కూడా ఈ మూడు దేశాలలో చలికాలమంతా అనుమతి ఉంది. పక్కనే ఉన్న పోలండ్‌లో మాత్రం అవి నిషిద్ధం కాబట్టి అటు వెళ్లాలనుకుంటే మేకులు లేని టైర్లే అడిగి తీసుకోండి. టైర్లు చూశాను, బ్రేకులు చూశాను, బీమా కాగితాలు చూశాను. ముందు అద్దం కడిగే ద్రవం ఏది పోశారో మాత్రం చూడలేదు. అద్దెకిచ్చినవారు అందులో వేసవి ద్రవమే ఉంచి మా చేతికి తాళాలిచ్చారు. చలికాలంలో కారు అద్దెకిచ్చేవారు చేయకూడని పని అది, ఇప్పటికీ నేను దాన్ని క్షమించలేదు.

దారిలో పార్నూ అనే ఊళ్లో టీ తాగి లాత్వియా సరిహద్దు వైపు సాగుతున్నాము. పన్నెండు దాటింది. మేము పోతున్నది దక్షిణానికి, ఎండ సరిగ్గా ఎదురుగా ఉంది. ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతం నుంచి పది డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. అదే రోజున హైదరాబాద్‌లో యాభై డిగ్రీల ఎత్తున ఉంటాడు. మా ముందు పెద్ద లారీ ఒకటి వెళుతోంది. రోడ్డు మీద చల్లిన ఉప్పు, కరిగిన మంచు కలిసిన బురదనీటిని దాని చక్రాలు వెనక్కి చిమ్ముతున్నాయి. ఒక్కసారి ఆ తుంపర మా అద్దం నిండా పడింది. వైపర్లు వేశాను, బూడిదరంగు పూత అద్దమంతా అలుక్కుంది. కడిగే మీట లాగాను, చుక్క నీరు రాలేదు. ఎదురెండ ఆ ఉప్పు పూత మీద పడగానే అద్దం మొత్తం తెల్లగా వెలిగిపోయింది. గంటకు తొంభై కిలోమీటర్ల వేగంతో పోతూ, వెనుక సీటులో పాప పాట పాడుకుంటూ ఉండగా, నాకు రోడ్డు కనిపించలేదు.

పక్క కిటికీ దించి తల బయటికి పెట్టి, కుడివైపు అంచు చూసుకుంటూ, మెల్లమెల్లగా ఒక బస్టాపు దగ్గర ఆపాను. తాగే నీళ్ల సీసా తీసి అద్దం మీద పోస్తే పోసిన నీరు పోసినట్టే గడ్డకట్టింది. ఉప్పు పూత మీద ఇప్పుడు మంచు పలక కూడా చేరింది. ఏటీఎం కార్డుతో గీకుతూ ఉంటే బస్సు కోసం నిలబడి ఉన్న ఒక పెద్దావిడ దగ్గరికి వచ్చారు. ఆవిడ కోటుకు దారంతో వేలాడదీసిన చిన్న రిఫ్లెక్టర్ బిళ్ల ఉంది. ఎస్టోనియాలో చీకటివేళ రోడ్డు పక్కన నడిచేవారు అది ధరించాలని చట్టమే ఉంది, బడి పిల్లల సంచులకు కూడా వేలాడుతూ ఉంటుంది. ఆవిడ ఏమీ మాట్లాడకుండా నా చేతిలోని సీసా తీసి పక్కన పెట్టి, రోడ్డుకు దూరంగా, చెట్ల కింద పడిన తాజా మంచును రెండు చేతులా తెచ్చి అద్దం మీద వేసి గుండ్రంగా రుద్దారు. అద్దానికి పట్టిన ఉప్పే ఆ మంచును కొద్దిగా కరిగించింది, కరిగిన తడి మురికిని విడదీసింది. మరో రెండు దోసిళ్ల మంచుతో రుద్ది, తన ఉన్ని చేతితొడుగుతో పొడిగా తుడిచేసరికి పళ్లెమంత చోటు తేటగా అయ్యింది. తక్కినది మీరు చేసుకోండి అన్నట్టు నా వైపు చూశారు. నేను చేస్తూ ఉండగానే ఆవిడ బస్సు వచ్చింది. ధన్యవాదాలు చెప్పడానికి నాకు వచ్చిన ఎస్టోనియన్ మాట ‘ఐతాహ్’ ఒక్కటే, అదే రెండుసార్లు అన్నాను.

సరిహద్దు దగ్గర పెట్రోలు బంకులో చలికాలపు నీలిరంగు ద్రవం కొన్నాము, అయితే గొట్టంలో గడ్డకట్టినది కరిగితే తప్ప కొత్తది పోసినా ప్రయోజనం లేదు. బంకు వారు కార్లు కడిగే వెచ్చటి గదిలో మా కారును నలభై నిమిషాలు ఉండనిచ్చారు. మీకు ఇది చిన్న విషయంగా అనిపించవచ్చు. జనవరి పగటిలో నలభై నిమిషాలు పోతే పూటలో పెద్ద భాగం పోయినట్టే. సాల్క్రాస్తి దగ్గర సముద్రపు ఒడ్డున గడ్డకట్టిన అలలు చూడాలనుకున్నది వదులుకుని, పొద్దు గుంకే వేళకు రీగా చేరాము. అందుకే అడుగుతున్నాను, కారు తీసుకునే ముందు బానెట్ ఎత్తించి ఏ ద్రవం పోశారో అడిగి, మీట లాగి చూసి, ఆ తరువాతే సంతకం పెట్టండి. పొడి గుడ్డలు రెండు, గీకుడు పలక ఒకటి ముందు సీటు దగ్గరే ఉంచుకోండి. వంతెనల మీద వేగం తగ్గించండి, కింద గాలి ఆడడం వల్ల అవి మిగతా రోడ్డు కంటే ముందే గడ్డకడతాయి. అలా కంటికి కనబడకుండా పరుచుకునే మంచును లాత్వియన్లు ‘నల్ల మంచు’ అనే పిలుస్తారు, నిజానికి దానికి రంగే ఉండదు, కింద ఉన్న తారు రంగే దాని రంగు.

రీగాలో ఒక రోజంతా ఉన్నాము. నగరంలోని పెద్ద సంత ఒకప్పటి జెప్పెలిన్ గాలినౌకల షెడ్ల పైకప్పులతో కట్టినది, 1930లో తెరిచారు. బయట ఎంత చలి ఉన్నా లోపల వెచ్చగా ఉంటుంది కాబట్టి పిల్లలతో వెళ్లేవారికి అంతకంటే మంచి చోటు లేదు. తేనె, ఊరబెట్టిన క్యాబేజీ, నల్ల రొట్టె, చిత్తడి నేలల్లో ఏరిన క్రాన్‌బెర్రీలు కుప్పలుగా అమ్ముతారు. అక్కడ చదువుకుంటున్న మన తెలుగు విద్యార్థులు ఇద్దరు మమ్మల్ని మాటలను బట్టి గుర్తుపట్టి పలకరించారు. ఇంటికి వచ్చి పప్పన్నం తినండని వాళ్లు పిలిస్తే నా భార్య కళ్లు చెమర్చాయి. ఎర్రగా, గుండ్రంగా ఉన్నాయని మా అమ్మాయి అడగడంతో ఒక పొట్లం క్రాన్‌బెర్రీలు కొన్నాము.

రీగా నుంచి దక్షిణంగా యెల్గావా మీదుగా లిథువేనియాలోకి దిగితే షౌలై ఊరికి 12 కిలోమీటర్ల ముందే శిలువల గుట్ట వస్తుంది. చిన్న దిబ్బ, దాని మీద లక్షకు పైగా శిలువలు. 1961లో సోవియట్ ప్రభుత్వం బుల్డోజర్లతో దీన్ని చదును చేయించింది, తరువాత కూడా ఆ పని మళ్లీ మళ్లీ చేయించింది, ప్రతిసారీ జనం రాత్రిపూట వచ్చి కొత్తవి నాటారు. 1993లో పోప్ రెండవ జాన్ పాల్ ఇక్కడికి వచ్చారు. వేసవిలో వెళ్లినవారికి దక్కనిది మాకు దక్కింది. మనుషులెవరూ లేరు, పెద్ద శిలువలకు వేలాడదీసిన చిన్న చిన్న శిలువలు, జపమాలలు గాలికి ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి, ఆ చప్పుడు తప్ప మరేమీ వినబడలేదు.

ఈ మూడు దేశాలూ ఒకటేననీ, అన్నీ రష్యాలాంటివేననీ అనేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వారిని ఒక్క రోజైనా ఈ దారిలో నడిపించాలని ఉంటుంది. ఎస్టోనియన్ భాష ఫిన్నిష్‌కు చుట్టం, మన తెలుగులాగే విభక్తులన్నీ మాట చివరనే చేరతాయి. తల్లిన్‌లో అనడానికి ‘తల్లిన్నాస్’, తల్లిన్ నుంచి అనడానికి ‘తల్లిన్నాస్త్’ అంటారు. సరిహద్దు దాటి లాత్వియాలో అడుగుపెడితే ఆ భాషతో ఏ సంబంధమూ లేని మాట వినబడుతుంది. ఇంత వేరువేరు మనుషులు 1989 ఆగస్టు 23న, తమను పంచుకున్న హిట్లర్, స్టాలిన్‌ల ఒప్పందానికి యాభై ఏళ్లు నిండిన రోజున, తల్లిన్ నుంచి రీగా మీదుగా విల్నియస్ దాకా చేతులు పట్టుకుని ఒకే గొలుసుగా నిలబడ్డారు. సుమారు ఇరవై లక్షల మంది, ఆరు వందల కిలోమీటర్లకు పైగా. ఆ గొలుసు మేము వెళ్లిన సముద్రతీరపు దారిలో కాక లోపలి ఊళ్ల మీదుగా సాగింది. వేసవిలో మళ్లీ వెళితే నేను ఆ దారినే వెళతాను.

జనవరి 12 సాయంత్రం, చీకటి పడ్డాక విల్నియస్ చేరాము. పార్లమెంటు భవనం ముందు మైదానంలో పెద్ద పెద్ద దుంగలతో మంటలు వేసి, చుట్టూ వందల మంది నిలబడి ఉన్నారు. 1991 జనవరి 13 తెల్లవారుజామున సోవియట్ సైన్యం ఇక్కడి టీవీ టవరును పట్టుకోవడానికి వచ్చినప్పుడు జనం చేతిలో ఆయుధాలు లేకుండా అడ్డు నిలిచారు, 14 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ రాత్రుల్లో కాపలా కాసినవారు చలికి వేసుకున్న మంటలనే ఏటా ఇలా మళ్లీ రగిలిస్తారు. ఆ సంవత్సరం మన భోగి కూడా 13వ తేదీనే వచ్చింది. మా అమ్మాయి మంటను చూడగానే “నాన్నా, భోగి ఇవాళేనా?” అని అడిగింది. ఏం చెప్పాలో నాకు తోచలేదు. పొగ మా వైపు తిరిగినప్పుడు పక్కనున్న పెద్దాయన పాపను ఇవతలికి జరపమని సైగ చేస్తూ “దూమై, దూమై” అన్నారు. ధూమం! నిప్పును వాళ్లు ‘ఉగ్నిస్’ అంటారు, తేనెను ‘మెదుస్’ అంటారు. లిథువేనియన్‌కు సంస్కృతంతో ఉన్న చుట్టరికం గురించి పుస్తకాలలో చదివిందే, కానీ కళ్లు మండుతూ ఉండగా ఆ మాట వినడం వేరు.

మరునాడు ఉదయం ఎనిమిది గంటలకు ఇంకా చీకటిగానే ఉంది. ఆ 14 మందిని తలచుకుంటూ ఎదుటి భవనాల కిటికీలలో ఒక్కొక్కటిగా కొవ్వొత్తులు వెలిగాయి. మేము దిగిన ఇంటి యజమానురాలు ముందు రాత్రే మాకు కూడా ఒకటి ఇచ్చి ఉంచారు, దాన్ని మా అమ్మాయి చేతనే కిటికీలో పెట్టించాము. సాయంత్రం భోగిపళ్లు పోయాలని నా భార్య అంది. రేగుపళ్లు ఎక్కడివి? రీగాలో కొన్న క్రాన్‌బెర్రీలలో చిల్లర సెంట్లు కలిపి, పాపను కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరం దోసిళ్లతో తల మీద పోశాము. సగం పళ్లు మంచం కిందికి దొర్లిపోయాయి, వాటన్నిటినీ ఏరిన తరువాతే మా అమ్మాయి అన్నానికి వచ్చింది.