చెయ్యి ఫోను మీదకు పోయేటప్పుడే

ప్రభువునందు ప్రియమైన మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. జీతం పడిన రాత్రే ఫోనులో డబ్బు పెట్టి మళ్లీ ఆడావని, తెల్లవారేసరికి పద్దెనిమిది వేలు పోయాయని, ఇక ఆడనని బైబిలు మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకోవడం ఇది నాలుగోసారి అని రాశావు. డబ్బు సంగతి తరవాత చూద్దాం. నాకు గుచ్చుకున్నది చివరి మాట. "ఈ ముఖం పెట్టుకుని గుడిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్లకు ఎలా వెళ్లను మామయ్యా, బాగుపడ్డాకే వెళ్తాను" అన్నావు.

ఆ మాట నలభై ఏళ్ల కిందట నేనూ అన్నాను.

మీ అమ్మకు కూడా తెలియని సంగతి ఇది. 1986లో నేను మన సంఘానికి కోశాధికారిని. కోత పండుగలో గుమ్మడికాయలు, కోళ్లు, ధాన్యం బస్తాలు వేలం వేయగా వచ్చిన డబ్బు గుడ్డసంచిలో కట్టి మా ఇంట్లో ఇనప్పెట్టెలో పెట్టేవాళ్లం. పేకాటలో అప్పుపడి ఆ సంచిలోంచి నాలుగు వందలు తీశాను. జీతం రాగానే పెట్టేద్దామనుకున్నాను. పెట్టకపోగా మళ్లీ తీశాను. ఆపైన మూడు నెలలు ఆ బల్ల ఇచ్చే సంస్కారపు ఆదివారం వచ్చినప్పుడల్లా జ్వరమని ముసుగు తన్ని పడుకున్నాను. మీ అత్తయ్య నిజమని నమ్మి మిరియాల కషాయం కాచి ఇచ్చేది. లేని జ్వరానికి ఆ ఘాటు మింగడమే నాకు పడిన మొదటి శిక్ష.

నాలుగో నెలలో పాస్టరుగారు సైకిలు మీద వచ్చారు. లెక్కలు అడుగుతారని వణికాను. అడగలేదు. మంచం పక్కన కూర్చుని, ప్రభువు ప్రార్థన ఇద్దరం కలిసి చెబుదామన్నారు. "అనుదినాహారము" వరకు బాగానే వచ్చింది. "మా ఋణములు క్షమించుము" దగ్గర నా గొంతు పూడుకుపోయింది. ఆయన ఆగారు. నన్ను తొందరపెట్టలేదు, నా కోసం తాను చెప్పనూ లేదు. చివరికి నేనే లేచి పెట్టె తాళం తీశాను. అప్పుడన్నారాయన: "ఋణములు క్షమించమన్న వెంటనే శోధనలోకి, అంటే పాపం చేయాలనే లాగుడులోకి, తేవద్దని అడగమన్నాడు ప్రభువు, చూశావా? నిన్నటి అప్పుకీ రేపటి శోధనకీ వేరువేరుగా రమ్మనలేదు."

తప్పు కప్పిపెట్టలేదులే. సంఘపెద్దల ముందు నా నోటితోనే చెప్పించారు. పదవి పోయింది. పది నెలలు కొంచెం కొంచెంగా కట్టాను. ఆ పది నెలలూ ఒక్క సంస్కారం కూడా మానకూడదన్నది ఆయన పెట్టిన షరతు. అన్నిటిలోకీ అదే కష్టంగా ఉండేది.

ఆ రొట్టె అయోగ్యంగా తినకూడదని బైబిల్లో కొరింథీ పత్రికలో ఉందని నువ్వు అంటావు. ఆ వెంటనే ఉన్నదీ చదువు. తన్ను తాను పరీక్షించుకొని, ఆలాగు చేసి ఆ రొట్టె తినాలని ఉంది. పరీక్షించుకుని ఇంట్లో కూర్చోమని లేదు.

ఇక నీ ఒట్ల సంగతి. ఐదోది పెట్టుకోవద్దు. చావవలసి వచ్చినా నిన్ను ఎరుగననను అని శిష్యుడు పేతురు ప్రభువుతో ఎంత గట్టిగా అన్నాడు! కోడి కూయకముందే ఆ మాట ఏమైంది? అయితే లూకా సువార్తలో చూడు, పేతురు పడకముందే ప్రభువు "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని" అంటాడు. పడ్డాక తుడిచేదే కృప అని నీకెవరు నేర్పారో గాని, సగమే నేర్పారు. ప్రభువును ఎరుగనని పేతురు మాట తప్పింది చలిమంట దగ్గర. తిబెరియ సముద్రపు ఒడ్డున ప్రభువు అతన్ని మళ్లీ కూర్చోబెట్టుకున్నదీ నిప్పుల దగ్గరే. ఆ వాసన అతనికి ఏమి గుర్తుచేసి ఉంటుందో! అక్కడ ముందు చేపలు, రొట్టె పెట్టి, తిన్నాకే మాట్లాడాడు.

2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసినప్పుడు, పీడ విరగడైందని నాకు ఫోను చేసి సంబరపడ్డావు. నెల తిరగకముందే ఎవరో పంపిన లింకుతో మరో దారి దొరికింది. చట్టం కావలసిందే, కాదనను. కానీ చేయగోరు మేలు చేయక చేయగోరని కీడు చేస్తున్నానని అపొస్తలుడు పౌలు మొత్తుకున్నది ధర్మశాస్త్రం తెలియక కాదు కదా.

అందుకని శోధన నడుస్తుండగానే అడుగు. హెబ్రీ పత్రికలో "సమయోచితమైన సహాయము" అన్నమాట నాకు చాలా ఇష్టం. చెయ్యి ఫోను మీదకు పోయేటప్పుడే అడగవలసిన సహాయం అది. పెద్ద ప్రార్థన అక్కరలేదు. "ప్రభువా, నాకు ఆడాలని ఉంది" అని ఉన్నది ఉన్నట్టు చెప్పు. మర్యాదగా లేదే అనుకోకు, ఆయనకు తెలియనిదా?

ముందు అన్నం తిను. ప్రభువును కూడా శోధకుడు నలభై రోజుల ఉపవాసం తరవాత, ఆకలి మీద ఉన్నప్పుడే పట్టాడు. డ్యూటీ నుంచి వచ్చి, తినకుండా, గదిలో ఒంటరిగా, జీతం పడిన రాత్రి కూర్చుంటే నువ్వే వాడికి కుర్చీ వేసినట్టు. జీతం ఖాతా అమ్మాయి (నీ భార్య) చేతికి ఇవ్వు, అప్పు మొత్తం ఎంతో ఈ ఆదివారంలోగా తనకు చెప్పు. ఏడుస్తుంది. ఏడవనీ. కృప ఉంది కదా అని మళ్లీ ఆడొచ్చా అని అడిగావు. పరిహాసానికే అడిగావని తెలుసు, అయినా కృప ఉందని పాపంలో ఉండిపోకూడదని చెప్పే రోమా పత్రిక ఆరో అధ్యాయం అమ్మాయి పక్కన కూర్చుని చదువు.

తనను రోజూ పాపానికి పిలిచిన యజమాని భార్యకు యోసేపు అన్నాళ్లూ మాటలతోనే బదులు చెప్పాడు. ఆమె అతని వస్త్రం పట్టుకున్నాక మాత్రం మాటలు కట్టిపెట్టి, వస్త్రం వదిలేసి పరుగెత్తాడు. నీ వస్త్రం ఆ పెద్ద ఫోను. గదిలో పడేసి వీధిలోకి నడువు.

మరి నాతో ఎలా మాట్లాడతావంటావేమో, నా పాత బటన్ ఫోను పార్సిల్‌లో పంపుతున్నాను. అందులో నా నంబరు ఒక్కటే ఉంది. రాత్రి పదకొండైనా పన్నెండైనా చెయ్యి, మోకాళ్ల నొప్పులతో నాకు ఎలాగూ నిద్ర ఉండదు. ఛార్జరు పిన్ను కాస్త వదులు. కొద్దిగా ఎడమ పక్కకు వంచి పెడితే ఎక్కుతుంది.

నీ మామయ్య