‘ఒకేసారి’ అన్న మాట కొట్టెయ్

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి మూడో పేజీ దగ్గర విసుగొచ్చి పక్కన పడేశాను. మళ్ళీ తీసి చదివితే ఐదో పేజీలో ఒకే ఒక్క వాక్యం పట్టి ఆపింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు విసుగు సంగతి. 2025 ఫిబ్రవరి 2న రామోజీ ఫిల్మ్ సిటీలో ఇంగ్లీషు గాయకుడు ఎడ్ షీరన్ కచేరీ చూసొచ్చి రాశావు. ‘జనసంద్రం’, ‘ఉర్రూతలూగించాడు’, ‘కేరింతలు మిన్నంటాయి’, ‘వేలమంది ఒక్క గొంతై’, ‘ఒకేసారి చప్పట్లు’... ఇవన్నీ మొదటి నాలుగు పేజీల్లోనే ఉన్నాయి. షీరన్ పేరు తీసేసి అక్కడ ఏ మంత్రిగారి పేరు పెట్టినా పరేడ్ గ్రౌండ్స్ సభ వార్తకి అతికినట్టు సరిపోతుంది. తప్పంతా నీది కాదులే. ఆదివారం సంచికల్లో కూర్చున్న కొందరు ఉపసంపాదకులు ఏళ్ళ తరబడి ఈ మాటలకే పెద్దపీట వేశారు. ఎవరైనా జనం చేతులు ఎలా కదిలాయో రాస్తే ‘స్థలాభావం’ అని కోసేసి, పైన ‘ఉర్రూతలూగించిన’ అని శీర్షిక తగిలించేవాళ్ళు. వాళ్ళ పాపం వాళ్ళది. నువ్వు మాత్రం ఆ డబ్బాలోంచి తీసుకుని వాడకు.

అన్నిటికంటే పెద్ద అబద్ధం ‘ఒకేసారి’. నీతి గురించి కాదు, లెక్క గురించి చెప్తున్నాను. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది. స్టేజీకి వంద మీటర్ల వెనక నిలబడ్డవాడికి గిటారు దెబ్బ సుమారు 0.3 సెకను ఆలస్యంగా చేరుతుంది. అందుకే మైదానం మధ్యలో స్పీకర్ల స్తంభాలు పాతుతారు, డిలే టవర్లంటారు వాటిని. స్టేజీ మీంచి వచ్చే శబ్దం అక్కడికి చేరే వేళకే ఇవీ మోగేటట్టు, కావాలనే ఆలస్యం పెడతారు. అంటే వెనకవాళ్ళకి పాట స్పష్టంగా వినిపిస్తుంది కానీ ముందుగా మాత్రం రాదు. తెర మీద చెయ్యి తీగ మీద పడటం ముందు కనిపించి, మోత ఆ తర్వాత వినిపిస్తుంది. ఇప్పుడు వాళ్ళు విన్నదానికి సరిగ్గా తాళం వేశారనుకో. ఆ చప్పట్లు తిరిగి స్టేజీ దగ్గరికి రావడానికి ఇంకో 0.3 సెకను. మొత్తం 0.6. షీరన్ పాట ‘షేప్ ఆఫ్ యూ’ నిమిషానికి 96 దెబ్బల నడక, దెబ్బకీ దెబ్బకీ మధ్య 0.625 సెకను. ముందు వరసలో నిలబడి వింటే వెనకవాళ్ళ తాళం దాదాపు ఒక దెబ్బ వెనకబడి ఉంటుంది. పాడేవాళ్ళు చెవుల్లో మానిటర్లు, అంటే తమ పాట తమకి వినిపించే బుల్లి స్పీకర్లు, పెట్టుకునేది ఇందుకు కూడా. జనం తాళాన్ని నమ్ముకుంటే పాట ఈడ్చుకుపోతుంది.

అందుకని నువ్వు ఎక్కడ నిలబడ్డావన్నది వ్యాసంలో ఉండి తీరాలి. తొమ్మిది పేజీల్లో ఒక్కచోటా చెప్పలేదు. టికెట్ ధర చెప్పావు, అది ఎవడిక్కావాలి?

తర్వాత, ‘అతనొక్కడే అంత పెద్ద శబ్దం ఎలా పుట్టించాడో, మాయ’ అని రాసి వదిలేశావు. మాయ కాదమ్మా, కాలి పని. 2015 జులైలో లండన్ వెంబ్లీ స్టేడియంలో వరసగా మూడు రాత్రులు, వెనక బ్యాండ్ లేకుండా గిటారూ లూప్ పెడలూ పెట్టుకుని పాడినవాడతను. ఆ పెడల్ చేసే పని తెలియకపోతే జనం ఎక్కడ ఎందుకు అరిచారో నీకు అంతుపట్టదు. ముందు గిటారు చెక్క మీద అరచేత్తో కొడతాడు, అది మద్దెల. కాలితో నొక్కితే పెట్టె ఆ దెబ్బల్ని పట్టుకుని తిప్పి తిప్పి వినిపిస్తుంది. దాని మీద లావు తీగల మీద ఒక వరస, దాని మీద మీటు, ఆ పైన తన గొంతే రెండు మూడు స్థాయిల్లో. పొర మీద పొర. ఉడిపి హోటల్లో పెసరట్టు మీద ఉప్మా వేసినట్టు అనుకునేవు, కాదు. ఇక్కడ అడుగున ఉన్నది మాడితే పైన ఏం వేసినా మాడినట్టే. మొదటి లూపు మూసేటప్పుడు కాలు రవ్వంత ఆలస్యంగా పడితే ఆ ఖాళీ చుట్టు చుట్టుకీ తిరిగొస్తుంది. మధ్యలో సరిదిద్దడం కుదరదు, చెరిపేసి మళ్ళీ కొట్టుకోవాల్సిందే.

ఇక జనం. పొరలు పేర్చుతున్నంతసేపూ గోల తగ్గుతుంది, ఎందుకంటే ఏ పాటో పోల్చుకునే పనిలో ఉంటారు. మీటు మొదలవగానే కొందరు కనిపెట్టి కేక వేస్తారు, పక్కవాళ్ళకి రెండు క్షణాల తర్వాత వెలుగుతుంది. అంటే ఒక్క అరుపు కాదు, అలికిడి అక్కడక్కడా లేచి పాకుతుంది. తర్వాత అన్నీ ఒక్కసారి ఆపేసి ఒట్టి గొంతుతో నాలుగు ముక్కలు పాడి, మళ్ళీ అన్ని పొరలూ కలిపి వదులుతాడు. అసలు గెంతు అక్కడ. నువ్వు రాసిన ‘కేరింతలు’ ఈ రెంటిలో ఏది? చదివేవాడికి తేడా తెలియాలి.

ఒక సంగతి చెప్తాను, ఇది విని సిగ్గుపడినా ఫర్వాలేదు. 2023 జులై 22, 23 తేదీల్లో సియాటిల్‌లో అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ కచేరీలకి నేల అదిరి, 2.3 తీవ్రత ఉన్న భూకంపానికి సమానంగా నమోదైందని లోకమంతా చెప్పుకుంది. అందరికీ గుర్తుండేది అదే. నాకు గుర్తుండేది దాని తర్వాతది. అదే ఏడు ఆగస్టులో లాస్ ఏంజిలెస్‌లో ఆమె కచేరీ దగ్గర కంపనాల్ని కాల్‌టెక్ అనే అక్కడి సైన్సు విశ్వవిద్యాలయం వాళ్ళు కొలిచి, ఆ గీతల్ని బట్టే 45 పాటల్లో 43 పాటల్ని పోల్చుకున్నారు. నేలని కదిలించింది స్పీకర్ల కంటే ముఖ్యంగా జనం గెంతులేనని కూడా తేల్చారు. భూకంపాలు కొలిచే యంత్రం 43 పాటల్ని వేరు చేసింది. చెవులూ కళ్ళూ ఉన్న నువ్వు అన్ని పాటలకీ ‘ఊగిపోయారు’ అని ఒకే మాట వాడావు.

మనవాళ్ళకి ఇది కొత్తేం కాదు. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ ఆడుతుంటే ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ దగ్గర జనం ఏం చేస్తారో ఎవరైనా పెద్దవాళ్ళని అడుగు. పద్యం వాళ్ళకి కంఠతా వచ్చు. అయినా వెంట పాడరు. చివరి పాదం మీద రాగం సాగదీస్తుంటే ఊపిరి బిగబట్టి, అది దిగుతుండగానే ‘ఒన్స్‌మోర్’ అంటారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో కొత్త సినిమాకి వచ్చే కుర్రాళ్ళు ఇంటి దగ్గరే కాగితాలు చింపి జేబుల్లో నింపుకొస్తారు. చల్లేది ఎప్పుడో ముందే నిర్ణయమైపోయి ఉంటుంది, హీరో కాలు తెర మీద పడ్డప్పుడు. షీరన్ దగ్గరికి వచ్చినవాళ్ళు అలా చల్లరు, ఆగి వినరు, వెంట పాడతారు. పైగా ప్రతి ఒక్కరూ ఇంట్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒంటరిగా నేర్చుకున్న పాట. కాబట్టి రికార్డు నడకలోనే పాడతారు. అతను ఆ రాత్రి ఒక ముక్క సాగదీసి పాడితే జనం ముందుకి వెళ్ళిపోయి, నాలుక్కరుచుకుని ఆగుతారు. ఆ చిన్న తడబాటు నువ్వు విని ఉంటావు. రాయలేదు. చరణాల్లో పెదాలు ఆడించి పల్లవి రాగానే గొంతెత్తేవాళ్ళు ఎంతమందో, ఫోను ఎత్తి రికార్డు చేస్తూ తన గొంతు వీడియోలో పడకూడదని నోరు మూసుకున్నవాళ్ళు ఎంతమందో కూడా రాయలేదు. ఈ మూడు రకాలవాళ్ళనీ కలిపి ‘అభిమానులు’ అని ఒక మూటకట్టేశావు. ‘మాస్ హిస్టీరియా’ అన్న మాట కూడా ఒకచోట ఉంది. ఈ మధ్య అందరికీ ఇదొక ఫ్యాషన్, చూడటం చేతకాకపోతే రోగం పేరు పెట్టడం.

‘దేవర’ సినిమా పాట ‘చుట్టమల్లే’ ప్రస్తావన బాగుంది. అది మనూళ్ళో కాదు, అదే నెల బెంగళూరులో శిల్పా రావుతో కలిసి పాడాడని సరిగ్గానే రాశావు. వెంటనే ‘సంగీతానికి భాషా సరిహద్దులు లేవు’ అన్నావు. లేకపోతే అంత అరుపు ఎందుకమ్మా? ఇంగ్లీషు నోటికి ఆ ‘ట్ట’ సులువుగా తిరగదు. సరిహద్దు ఉంది, అతను దాటి వచ్చాడు, అందుకే ఆ ఆనందం. తెలుగువాళ్ళ చెవులు ఆ ఒత్తు దగ్గర ఎలా నిక్కబొడుచుకున్నాయో నాలుగు వీడియోలు పెట్టుకుని, స్టేజీ వైపు కాకుండా జనం గొంతులే విను.

ఇకమీదట వెళ్ళేటప్పుడు ఒక పని చెయ్. కనీసం రెండు పాటలు స్టేజీకి వీపు పెట్టి నిలబడు. జనమంతా అక్కర్లేదు, ఐదుగుర్ని ఎంచుకో. పాట మారినప్పుడల్లా వాళ్ళ నోరు, చేతులు, పాదాలు ఏం చేస్తున్నాయో రెండేసి మాటలు రాసుకో. అక్కడ వెలుతురుండదు కాబట్టి ఫోన్లో టైపు చేస్తే తెర వెలుగుకి అందరూ నిన్నే చూస్తారు, చిన్న పుస్తకమే నయం, అక్షరాలు పెద్దవిగా రాయి. ముందు, మధ్య, చివర మూడుచోట్ల రెండేసి నిమిషాలు శబ్దం మాత్రం రికార్డు చేసుకో. ఇంటికొచ్చి వింటే తాళం ఎక్కడ ఎంత జారిందో నీకే తెలుస్తుంది. మర్నాటికి వాయిదా వెయ్యకు. పొద్దున లేచేసరికి గుర్తున్నదంతా ‘అద్భుతం’ అన్న ఒక్క మాటకి కుదించుకుపోయి ఉంటుంది.

కలం పేరు పెట్టుకోవాలా అని, రోజుకి ఎన్ని పేజీలు రాయాలని అడిగావు. ఇంకేవో కూడా అడిగావు.

ఐదో పేజీకి వస్తాను. ‘ఒకమ్మాయి చెప్పులు విప్పి నాన్న చేతికిచ్చి గెంతుతోంది, ఆయన ఆ చెప్పులతోనే తాళం వేస్తున్నాడు, ఒక దెబ్బ వెనకగా.’ అంతే. వెంటనే మళ్ళీ జనసంద్రం.

పైన చెప్పిన లెక్క ప్రకారం చూడు. తండ్రీ కూతుళ్ళు పక్కపక్కనే ఉన్నారు, దూరం వల్ల వచ్చే ఆలస్యం ఇద్దరికీ ఒకటే. కాబట్టి ఆ ఒక్క దెబ్బా ఆయన సొంతం. పాట ఆయనకి రాదు, బహుశా వినడం కూడా లేదు. పిల్ల పాదాలు నేలకి తగలడం చూసి అప్పుడు కొడుతున్నాడు. నా ఊహ ఇది, తప్పయితే చెప్పు, చూసినదానివి నువ్వు.

మిగతా ఎనిమిది పేజీలూ తీసేసి అక్కణ్ణుంచి మొదలుపెట్టు. ఏ పాటకి విప్పింది? తర్వాతి పాటకి ఆయన తాళం ఏమైనా దగ్గరైందా? చప్పట్లు కొట్టడానికి చెప్పుల చేతులు కుదరవు కదా, పాట అయిపోయాక ఏం చేశాడు? అక్కణ్ణుంచి అబ్దుల్లాపూర్‌మెట్, హయత్‌నగర్ దాటి ఎల్బీనగర్ చేరేదాకా ఆ చెప్పులు ఎవరి కాళ్ళకున్నాయి?

తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
హైదరాబాదు