మీ నాన్నగారి మేనత్తగారిని వెతకాలంటే

చి.సౌ. అమ్మలుకి చిన్నతాతయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వంశవృక్షం చూశాను. మగవాళ్ళ పేర్లన్నీ తరాల వారీగా పొందిగ్గా ఉన్నాయి, ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి సగం గడులు ఖాళీ. మీ తాతగారి అక్కగారి గడిలో అయితే "చిట్టెమ్మ?" అని ఒక్క ముక్క. ఇందులో నీ తప్పేం లేదు. మన ఇళ్ళల్లో వంశవృక్షాలు రాసుకున్నది తర్పణాలకీ, ఆస్తి తగాదాలకీ. ఆడపిల్ల పెళ్ళవగానే ఇంటిపేరూ గోత్రమూ మారి ఇవతలి చెట్టులోంచి పోతుంది. చిన్నప్పుడే భర్త పోయి పుట్టింటికి తిరిగొచ్చేస్తే అవతలి చెట్టులోనూ ఉండదు. అందుకని ఆవిణ్ణి అక్కడ వెతకడం మానేసి, ఆవిడ సంతకమో వేలిముద్రో లేకపోతే ఎవరికీ పని జరగని చోటు ఎక్కడుందో అక్కడికి వెళ్ళు. రిజిస్ట్రేషన్ శాఖలో రిటైరైనవాడు ఇలా కాక ఇంకెలా చెప్తాడులే అనుకుంటావేమో, అనుకో, కానీ ఆ కాలపు ఆడవాళ్ళకి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు ఇంకోటి కనిపించలేదు.

ఆఫీసుల సంగతి తర్వాత చెప్తాను. ముందు మనుషులు, ఎందుకంటే కాగితాలు ఆగుతాయి, తొంభై దగ్గరపడ్డవాళ్ళు ఆగరు. మీ వాళ్ళల్లో మగవాళ్ళని అడిగితే "పాపం, చాలా మంచావిడ" అని తేల్చేస్తారు. ఆ ఇంటికి కోడళ్ళుగా వచ్చినవాళ్ళని అడుగు, వాళ్ళు కొత్తగా వచ్చి అన్నీ కళ్ళప్పగించి చూసినవాళ్ళు. అడగడం కూడా "ఆవిడ గురించి చెప్పండి" అని అడక్కు, ఎవరికీ ఏమీ గుర్తురాదు. మడి వంట ఎవరు చేసేవారు, ఆవకాయ కలిపిందెవరు, ఆవిడ ట్రంకుపెట్టె ఏ గదిలో ఉండేది, తాళం ఎవరి దగ్గరుండేది, ఉత్తరాలు ఆవిడే చదువుకునేదా ఎవరిచేతైనా చదివించుకునేదా, ఇలా అడుగు. ఏ ఏడాదీ అని మాత్రం అడగొద్దు. 1953 గోదావరి వరదప్పుడు ఆవిడ ఇంట్లోనే ఉందా అంటే ఎనభై ఐదేళ్ళ ముసలమ్మ ఠక్కున చెప్తుంది. ఇంకా పెద్దవాళ్ళు దొరికితే కాకినాడలో జపాన్ వాళ్ళు బాంబులు వేసినప్పటి మాట అడుగు, అది 1942 ఏప్రిల్ 6. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టావంటే గొంతు పెద్దదైనవాళ్ళ జ్ఞాపకమే ఇద్దరిదీ అయిపోతుంది, విడివిడిగా మాట్లాడు. ఫోను రికార్డింగు మొదటి రోజే పెట్టకు.

చిట్టెమ్మ అసలు పేరు కాకపోవచ్చు. చిట్టెమ్మ, బుల్లెమ్మ, పాపాయమ్మ అనేవి ఇంట్లో పిలిచే పేర్లు, కాగితాల్లో ఆవిడ సుబ్బలక్ష్మో వెంకటరత్నమ్మో అయి ఉంటుంది. పైగా నాయనమ్మ పేరు మనవరాళ్ళందరికీ పెట్టేవారు కదా, పినతండ్రి పిల్లల్లో అదే పేరుగలవాళ్ళు ఇంకో ఇద్దరుంటారు. కాబట్టి పేరు ఒక్కటే కలిస్తే కలిసినట్టు కాదు. పేరూ, తండ్రి పేరూ, భర్త పేరూ, ఊరూ, ఈ నాలుగింట్లో మూడైనా కలిస్తేనే ఆవిడ అనుకో.

పెళ్ళి ఏడాది గురించి మీ నాన్న "పదకొండో పన్నెండో ఏట, యానాంలో చేశారట" అన్నాడని రాశావే, దాన్ని వదలకు. పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకి పెళ్ళి చేస్తే నేరమని శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీ లోపల ముహూర్తాలు చూసుకుని తెగ పెళ్ళిళ్ళు చేసేశారు. మిగిలిపోయినవాళ్ళు ఫ్రెంచివాళ్ళ యానాం వెళ్ళారు, అక్కడ మన చట్టం చెల్లదు మరి, ఊరికి కళ్యాణపురం అని పేరొచ్చింది కూడా అందుకే. అంటే యానాం మాట నిజమైతే ఆ పెళ్ళి 1930 తర్వాతదై ఉండటానికే ఎక్కువ అవకాశం, ఆ లెక్కన పుట్టుక 1918కి అటూ ఇటూ పడుతుంది.

జనన మరణాల రిజిస్టరు చూపించమని అడిగినా ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. పల్లెల్లో అవి గ్రామాధికార్ల దగ్గర ఉండేవి, 1984లో కరణీకాలు మునసబీలు రద్దయ్యాక ఏ ఊరి పుస్తకాలు ఎక్కడికి చేరాయో ఆ ఊరివాళ్ళే చెప్పాలి. దొరికినా పేరుతో వెతకొద్దు. పుట్టిన వారంలో రాయించేవాళ్ళు కాబట్టి పేరు గడి ఖాళీగా ఉండి తండ్రి పేరూ, "ఆడ" అన్న మాటా మాత్రమే ఉంటాయి. జనాభా లెక్కల గురించి అడిగావు. మీ అమెరికాలో 1950 లెక్కల కాగితాలు పేర్లతో సహా 2022లో జనానికి తెరిచారు కదా, ఇక్కడ అలాంటిది లేదు, మనకి మిగిలేవి అంకెలే. ఆ డీఎన్ఏ కిట్టు కూడా పక్కన పెట్టు, పిల్లల్లేని ఆవిడ జీవితం గురించి అది చెప్పేదేముంది.

ఇప్పుడు రిజిస్ట్రారాఫీసు. ఆన్‌లైన్ ఈసీ, అంటే ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, మనకి 1983 నుంచే వస్తుంది, నీకు కావలసిందంతా అంతకు ముందుది, కాబట్టి మనిషే వెళ్ళాలి. ఒకటో పుస్తకంలో స్థిరాస్తి దస్తావేజులన్నీ ఉంటాయి. దానికి రెండు ఇండెక్సులు, ఒకటి మనుషుల పేర్లది, రెండోది ఊళ్ళూ ఆస్తులది. వీటిని ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు, 1908 చట్టంలోనే ఉంది, నువ్వు ఎవరి దయా అడగక్కర్లేదు. అలాగని చట్టం చదివి వినిపించకు, పని చెడుతుంది. దరఖాస్తు రాసి, పాత ఇండెక్సులు చూపించగల రికార్డు అసిస్టెంటు ఎప్పుడు ఖాళీగా ఉంటాడో కనుక్కుని ఆ పూట వెళ్ళు. వెతికేటప్పుడు ఆవిడ పేరుతోనే కాక అన్నదమ్ముల పేర్లతోనూ, మామగారి పేరుతోనూ చూడు, ఎందుకంటే దస్తావేజు వాళ్ళదై అందులో ఆవిడ ఒక పార్టీ అయి ఉండొచ్చు. అత్తవారిది నరసాపురం వైపు అంటున్నావు కదా, ఆ తాలూకా 1925 దాకా కృష్ణా జిల్లాలో ఉండి ఆ తర్వాత పశ్చిమ గోదావరిలోకి వచ్చింది. 2022లో జిల్లాలు మళ్ళీ మారాయి. పాత కాగితంలో ఏ జిల్లా పేరుందో చూసి ఇప్పటి ఏ ఆఫీసుకి వెళ్ళాలో తేల్చుకున్నాకే బయల్దేరు, లేకపోతే తిరగడంతోనే నీ సెలవంతా అయిపోతుంది.

ముందు వెతకాల్సింది మనోవర్తి దస్తావేజు. భర్త పోయిన కోడలికి ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యమో ఇంత రొక్కమో ఇస్తామని అత్తవారు రాసిచ్చేది. భూమి మీద పెట్టి రాస్తే ఒకటో పుస్తకంలో ఉంటుంది. తర్వాత ఆవిడ అమ్మిన భూములేమైనా ఉంటే అవి. నీకు అసలైన నిధి అక్కడుంది, కొంచెం వివరంగా చెప్తాను విను. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చేదాకా విధవరాలికి భర్త ఆస్తి మీద ఉన్నది బతికున్నంత కాలపు హక్కే. తగిన అవసరం లేకుండా అమ్మితే ఆవిడ తర్వాత హక్కుదారులు, రివర్షనర్లు అనేవాళ్ళం, కోర్టుకెళ్ళి అమ్మకం కొట్టేయించొచ్చు. ఆ భయానికి కొనేవాడు అమ్మకం ఎందుకో పూసగుచ్చినట్టు రాయించుకునేవాడు. భర్త వైద్యానికి ఎవరి దగ్గర ఎంత అప్పు చేశారు, కర్మకాండకి ఎంతయింది, కాశీకి ఎవరితో వెళ్ళింది, శిస్తు బకాయి ఎంత, అన్నీ. అదే మగవాడు అమ్మితే "నా కుటుంబ ఖర్చుల నిమిత్తం" అని ఒక్క ముక్కతో సరి. ఆవిడ కాళ్ళకి వేసిన బంధమే మనకి ఆవిడ చరిత్ర రాసిపెట్టింది. అయితే ఒకటి, ఆ మాటలు ఆవిడవి కావు, దస్తావేజు రాసే లేఖరివి. కోర్టులో నిలబడే కారణాలేవో అతనికి తెలుసు, అవే రాస్తాడు. ప్రతి విధవరాలూ కాశీకి పోయినట్టు రాసి ఉంటే అందరూ పోయారనుకోకు. అప్పిచ్చినవాడి పేరూ, సాక్షుల పేర్లూ, సరిహద్దులూ నమ్ము, మిగతాది ఇంకో ఆధారంతో సరిచూసుకో.

సాక్షుల్ని ఎందుకు నమ్మమంటున్నానంటే, అబద్ధపు సాక్షి పనికిరాడు కాబట్టి. ఆవిడ తరఫున ప్రతిసారీ సంతకం పెట్టిన మనిషి ఒకరు కనిపిస్తే ఆవిడకి అండగా ఉన్నదెవరో నీకు తెలిసినట్టే, అది తమ్ముడు కాకపోవచ్చు, కాకపోతే ఎందుకు కాదో కూడా ఆలోచించాలి.

ఇంకో సంగతి. పుస్తకంలో ఉండేది నకలు, గుమాస్తా చేతిరాత, ఆవిడ సంతకం అందులో ఉండదు. కానీ సంతకమా, వేలిముద్రా అన్నది గుమాస్తా రాస్తాడు. నేను సర్వీసులో ఉండగా ఒకావిడ తన వాళ్ళ కాగితాలకి వచ్చింది, ఆ ఇంటి పెద్దావిడవి రెండు దస్తావేజులు బయటపడ్డాయి. ముప్ఫైల నాటి మనోవర్తి కాగితంలో "ఎడమచేతి బొటనవేలి నిశానీ" అని ఉంది. పదేళ్ళు దాటాక రాసిన అమ్మకంలో అదే మనిషి పేరు కింద "చేవ్రాలు", అంటే సంతకం, అని ఉంది. ఇంట్లోవాళ్ళెవరికీ ఆవిడ చదువుకుందని తెలియదు! ఆ పదేళ్ళ మధ్యలో ఎక్కడో అక్షరాలు నేర్చుకుంది, ఇక ఎక్కడన్నదే వెతకాలి. అసలు దస్తావేజు మీ వాళ్ళ ఇనప్పెట్టెలో దొరికిందనుకో, స్టాంపు కాగితం వెనక్కి తిప్పు. స్టాంపు అమ్మినవాడు ఎవరికి, ఏ తేదీన, ఏ ఊరివాళ్ళకి అమ్మాడో అక్కడ రాసి ఉంటుంది, ఆవిడ అప్పటికి పుట్టింట్లో ఉందో అత్తింట్లో ఉందో దాన్నిబట్టి తెలుస్తుంది.

1956 తర్వాత బతికుంటే వీలునామా రాసిందేమో చూడు, ఆ చట్టంతో చాలామందికి మొదటిసారి సొంతంగా ఇచ్చే హక్కు వచ్చింది. వీలునామాలూ, దత్తతకి అధికారం ఇచ్చే కాగితాలూ మూడో పుస్తకంలో ఉంటాయి. రాసినవాళ్ళు పోయాక ఎవరైనా నకలు అడగొచ్చు, మరణ ధ్రువపత్రం ఉంటే పని తేలిక. స్థిరాస్తితో సంబంధం లేని తతిమ్మా దస్తావేజుల నాలుగో పుస్తకం మాత్రం పార్టీలకీ వాళ్ళ వారసులకీ తప్ప చూపించరు, అక్కడ వాదించకు.

చదువుకుందని తేలితే దారులు చాలా ఉన్నాయి. రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం చేయించింది 1881లో, ఆ ఒరవడిలో విధవలకి ఆశ్రయమూ చదువూ అక్కడ నడిచాయి. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణగారి శారదానికేతనం 1922 నుంచీ ఉంది. మద్రాసులో దుర్గాబాయమ్మగారి ఆంధ్ర మహిళా సభ పెద్ద వయసు ఆడవాళ్ళని బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంవాళ్ళ మెట్రిక్‌కి కూర్చోబెట్టేది. ఊళ్ళో బడి అయితే అడ్మిషన్ రిజిస్టరు అడుగు, తండ్రి లేక సంరక్షకుడి పేరు ఉంటుంది. పుట్టిన తేదీ జూలై 1 అని ఉంటే నమ్మకు, మాస్టార్లకి ఆ తేదీ అంటే మహా ఇష్టం. టీచరుగా చేసిందని ఎవరైనా అంటే అప్పట్లో బళ్ళు జిల్లా బోర్డు, తాలూకా బోర్డులవి కాబట్టి పెన్షను కాగితమో సర్వీసు రిజిస్టరో కోసం ఆరా తియ్యి. 1930ల్లో జైలుకెళ్ళిందన్న మాట వినపడితే రాయవెల్లూరు (ఇప్పటి వేలూరు) ఆడవాళ్ళ జైలు పేరు వస్తుంది, అప్పుడు పత్రికలు చూడాల్సిందే. ఆంధ్రపత్రిక 1914 నుంచీ దినపత్రిక, గృహలక్ష్మి 1928 నుంచీ ఉంది. వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికలు బాగా దాచారు, ప్రెస్ అకాడమీవాళ్ళు నెట్‌లో పెట్టినవీ కొన్ని ఉన్నాయి. కానీ ఆవిడ పేరు పత్రికలో పడి ఉంటుందన్న ఆశతో నెలలు పాడు చేసుకోకు.

పోయిన తేదీకి దగ్గరి దారి తద్దినం. ఎవరు పెట్టారో కనుక్కో, వాళ్ళకి సంవత్సరం గుర్తుండదు గానీ "మాఘ బహుళ ఏకాదశి" అని తిథి నోటికి వస్తుంది. పాత ఉత్తరాల్లోనో పురోహితుడి పుస్తకంలోనో సంవత్సరం పేరు దొరికితే తేదీ తేలిపోతుంది. ప్రభవ అంటే 1927 ఉగాది నుంచి, చిత్రభాను 1942, మళ్ళీ ప్రభవ 1987. భూమి కాగితాల్లో ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటే 590 కలుపు, ఫసలీ 1340 అంటే 1930 జూలై నుంచి మరుసటి జూన్ దాకా. ఎవరూ తద్దినం పెట్టలేదంటే అదీ రాసుకో.

రాసుకోవడం అన్నాను కాబట్టి, ఏ మాట ఎవరు చెప్పారు, ఏ పుస్తకం ఏ పేజీ అన్నది పక్కనే రాయి. ఆవిణ్ణి ముందే బాధితురాలినో వీరనారినో చేసేసి కాగితాలు దానికి తగ్గట్టు ఏరుకోకు, ఇప్పుడు పుస్తకాలు రాసేవాళ్ళలో ఈ జబ్బు ఎక్కువైంది. మనోవర్తి మీ తాతగారే కాజేశారని తేలినా తేలొచ్చు. తేలితే మీ నాన్నకి ముందు విడిగా చెప్పు, వాట్సాప్ గ్రూపులో పెట్టకు.

డిసెంబరు మూడో వారంలో వస్తానన్నావు, ఒక వారం ముందుకి జరుపుకో, క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా ఆఫీసుల్లో మనుషులు దొరకరు. మీ తాతగారి మరణ ధ్రువపత్రం, మీ నాన్న సంతకంతో ఒక అధికార పత్రం, ఆధార్ నకళ్ళు పట్టుకురా. మీ పెద్దమామ్మగారింట్లో ఆ ఇనప్పెట్టె తాళం ఎవరి దగ్గరుందో ఈలోగా నేను కనుక్కుంటాను.

మీ
చిన్నతాతయ్య