బావ దగ్గర పనా? ఐటీఐనా?

ప్రశ్న: ఇంటర్ పాసయ్యాను. డిగ్రీ మీద ఆసక్తి లేదు. మా బావ హైదరాబాద్‌లో ప్లంబింగ్ కాంట్రాక్టులు చేస్తాడు. ‘నా వెంట వచ్చెయ్, ఏడాదిలో పని నేర్పిస్తా’ అంటున్నాడు. నాన్న మాత్రం ఐటీఐలో చేరమంటున్నాడు. తర్వాత గల్ఫ్‌కు వెళ్లాలని ఉంది. ఏది మంచిది?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: తమ్ముడూ, ముందు ఐటీఐలో చేరు. ప్లంబర్ ట్రేడ్ ఏడాది కోర్సే. ఏళ్ల తరబడి అపార్ట్‌మెంట్ సైట్లలో ఈ పని చేయించినవాణ్నిగా చెబుతున్నాను. మీ బావ మంచివాడే కావచ్చు. కానీ సైట్‌లో కొత్త కుర్రాడి చేతికి మొదట వచ్చేది సుత్తి, ఉలి. గోడకు గాడి కొట్టడం, పైపులు మోయడంతోనే నెలలు గడిచిపోతాయి. పైపులు ఎక్కడెక్కడ వెళ్లాలో గీసిన డ్రాయింగ్ చూడటం ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. అది రానివాడు ఎన్నాళ్లు చేసినా హెల్పర్‌గానే ఉండిపోతాడు.

నీళ్ల లైన్లకు వాడే సీపీవీసీ ప్లాస్టిక్ పైపు అతికించడం నీకు వారంలో వస్తుంది. పైపును తిన్నగా కోసి, అంచు నున్నగా చేసి, సొల్యూషన్ రాసి, ఫిట్టింగ్‌లోకి పావు మలుపు తిప్పుతూ నెట్టి, వెనక్కి జరగకుండా కాసేపు గట్టిగా పట్టుకోవాలి. అంతే. అసలు పనితనం డ్రైనేజీ లైన్‌లో తెలుస్తుంది. 110 మిల్లీమీటర్ల పైపుకు మీటరుకు రెండు సెంటీమీటర్ల వరకు వాటం ఇస్తాం. వాటం చాలకపోతే మలం అడ్డుపడుతుంది. ట్రాప్‌లో, అంటే నీళ్లు నిలిచేలా వంపు ఉన్న ఫిట్టింగ్‌లో, కనీసం 50 మిల్లీమీటర్ల నీరు నిలవాలి, ఇంట్లోకి వాసన రాకుండా ఆపేది ఆ నీరే. గాలి గొట్టం పెట్టకపోతే పై అంతస్తులో ఫ్లష్ కొట్టినప్పుడు కింది ఇంటి ట్రాప్‌లోని నీళ్లను లైన్ లాగేస్తుంది. ఆ ఇల్లాలు రోజూ ఫినాయిల్ పోస్తూనే ఉంటుంది, వాసన ఎక్కడిదో ఆమెకు తెలియదు. మనం చేసిన పని టైల్స్ కింద, గోడల్లో దాగిపోతుంది. అందుకే టైల్స్ వేయకముందే లైన్‌లో ప్రెషర్ ఎక్కించి గేజ్ ముల్లు కదలకుండా నిలిచిందో లేదో చూడాలి. తొందరపెట్టే మేస్త్రీల మాట ఇక్కడ మాత్రం వినకు.

ఒడిశాలోని కేంద్రాపడా జిల్లా నుంచి దేశమంతా ప్లంబర్లు వెళ్తారు. అక్కడి పట్టాముండైలో ప్లంబింగ్ నేర్పడానికే ప్రభుత్వ సంస్థ ఉంది. మన పిల్లలు ఈ పనిని చిన్నచూపు చూడటం నాకు బాధగా ఉంటుంది.

ప్రైవేట్ ఐటీఐ అయితే, కేంద్ర ప్రభుత్వ శిక్షణ విభాగం డీజీటీ గుర్తింపు ఉందో లేదో చూసుకున్నాకే ఫీజు కట్టు. కోర్సు అయ్యాక అప్రెంటిస్‌షిప్ చెయ్యి. చేతికి వేగం అక్కడే వస్తుంది.

ఇక గల్ఫ్. నువ్వు పది పాసయ్యావు కాబట్టి ఈసీఆర్ ముద్ర (పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలనే ముద్ర) లేని పాస్‌పోర్ట్ వస్తుంది. ఏజెంట్‌కు లైసెన్స్ ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకో. చట్ట ప్రకారం సర్వీస్ ఫీజు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించకూడదు. లక్షలు అడిగితే లేచి వచ్చెయ్. కంపెనీలు ట్రేడ్ టెస్ట్‌లో డ్రాయింగ్ ఇచ్చి చేసి చూపించమంటాయి. ఐటీఐ చదువు అప్పుడు అక్కరకొస్తుంది.

మీ బావను దూరం చేసుకోకు. సెలవుల్లో ఆయన సైట్‌కు వెళ్లు. గాడి కొట్టే పని కాకుండా డ్రైనేజీ లైన్ వేసే మేస్త్రీ పక్కన పెట్టమని అడుగు.