నడుముకు 10 శాతమే ఇచ్చారు, కాలి తిమ్మిరిని వదిలేశారు

ప్రశ్న: మా వారు అమెరికా సైన్యంలో ట్రక్కుల మెకానిక్‌గా ఆరేళ్లు పనిచేశారు. సర్వీసులో ఉండగానే నడుము దెబ్బతింది, ఆ రికార్డులున్నాయి. ఎనిమిది నెలల క్రితం వీఏ (అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) నుంచి నిర్ణయం వచ్చింది: నడుముకు 10 శాతం వైకల్యం. ఎడమ కాలు తొడ నుంచి పాదం దాకా తిమ్మిరెక్కుతున్న సంగతి అందులో లేనే లేదు. నెలకు రెండు మూడు సార్లు నొప్పి తిరగబెట్టి రోజంతా మంచం దిగలేరు. పరీక్ష చేసిన డాక్టరుతో మాత్రం "ఫర్వాలేదు, నెట్టుకొస్తున్నాను" అన్నారట. అప్పీలు చేస్తే ఉన్నది కూడా పోతుందని ఒక మిత్రుడు భయపెట్టారు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, టెక్సాస్

జవాబు: అమ్మా, ముందు తేదీ చూసుకోండి. నిర్ణయం ఉత్తరం మీద ఉన్న తేదీ నుంచి ఏడాదిలోపు సవాలు చేస్తే, గెలిచినప్పుడు బకాయిలను సాధారణంగా మొదటి క్లెయిము నాటి నుంచే లెక్కగడతారు. ఏడాది దాటితే ఆ వెనకటి నెలలన్నీ పోయినట్టే. మిత్రుడి మాటకు భయపడి ఈ నాలుగు నెలలూ జారవిడుచుకోకండి. ఇచ్చిన శాతాన్ని తగ్గించి చెల్లింపు కోయాలంటే వీఏ ముందుగా రాతపూర్వకంగా తెలిపి, మీ ఆధారాలు చూపడానికి 60 రోజుల గడువు ఇవ్వాలి.

ఇక 10 శాతం ఎలా వచ్చిందో చెబుతాను. వీఏ పట్టికలో నడుముకు ప్రధాన కొలమానం ముందుకు వంగే కోణం. మామూలుగా 90 డిగ్రీలు వంగాలి. 60 దాటి 85 లోపు వంగగలిగితే 10 శాతం, 30 దాటి 60 లోపైతే 20, 30 లేదా అంతకన్నా తక్కువైతే 40. మీ వారు ఆ రోజు పళ్లు బిగబట్టి 60 దాటి వంగి ఉంటారు. నా దగ్గరికి వచ్చే మాజీ సైనికుల్లో చాలామంది చేసేది ఇదే. నొప్పి బయటపెట్టకపోవడం వారికి సైన్యం నేర్పిన మర్యాద. కానీ నిర్ణయం రాసే అధికారికి కనబడేది కాగితం మీది అంకె, పక్కనే "ఫర్వాలేదు" అన్న మాట.

నొప్పి తిరగబెట్టిన రోజుల్లో కదలిక ఎంత తగ్గుతుందో పరీక్షించే డాక్టరు అడిగి, అంచనా వేసి రాయాలని మాజీ సైనికుల అప్పీళ్ల కోర్టు 2017లో షార్ప్ కేసులో స్పష్టం చేసింది. పరీక్ష రోజున నొప్పి లేదు కాబట్టి చెప్పలేనంటే చాలదు. అందుకే ముందు ఆ పరీక్ష రిపోర్టు ప్రతిని తెప్పించుకుని చదవండి.

నిర్ణయాన్ని సవాలు చేయడానికి 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న విధానంలో మూడు దారులున్నాయి. హయ్యర్ లెవెల్ రివ్యూలో పాత ఫైలునే ఒక సీనియర్ అధికారి మళ్లీ చూస్తారు, కొత్త కాగితం ఒక్కటీ తీసుకోరు. మీ వారు నొప్పి సంగతి చెప్పినా డాక్టరు పట్టించుకోలేదని రిపోర్టులో కనబడి ఉంటే అదే పట్టమనేదాన్ని. మాజీ సైనికుల అప్పీళ్ల బోర్డుకు వెళ్లే అప్పీలుకు ఎక్కువ కాలం పడుతుంది, ఇప్పుడే వద్దు. ఆయనే ఫర్వాలేదన్నారు కనుక ఫైల్లో లేనిదాన్ని ఫైల్లోకి చేర్చాలి. దానికి సప్లిమెంటల్ క్లెయిమే సరైన దారి, ఫారం 20-0995.

ఆ కొత్త ఆధారాల్లో మీ వాంగ్మూలం ఒకటి కావాలి. దాన్ని ఫారం 21-10210 మీద రాయండి. "చాలా బాధపడుతున్నారు" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. నొప్పి తిరగబెట్టిన రోజు సాక్సులు ఎవరు తొడుగుతున్నారు, మోకాళ్ల దాకానైనా చేయి అందుతోందా, నెలకు ఎన్నిసార్లు, ఎంతసేపు, పనికి ఎన్ని రోజులు వెళ్లలేకపోయారు – మీ కళ్లతో చూసినవి మాత్రమే రాయండి. జబ్బు పేరు జోలికి పోకండి, అది డాక్టరు రాయాలి. మరో సంగతి. మంచాన పడిన రోజులను లెక్కించే వేరే పట్టిక ఉన్నమాట నిజమే, కానీ అది డిస్కు జబ్బుకు మాత్రమే, అదీ డాక్టరు రాసిచ్చిన బెడ్ రెస్టుకే. ఆయనంతట ఆయన పడుకున్న రోజులు అందులోకి రావు. అయినా నొప్పి తీవ్రతకు అవి సాక్ష్యమే, కాబట్టి తప్పక రాయండి.

కాలి తిమ్మిరిని వదిలేయడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది. వెన్ను వల్ల నరానికి కలిగిన నష్టానికి విడిగా శాతం ఇవ్వాలని ఆ పట్టిక కింది గమనికలోనే ఉంది. నడుము నుంచి కాలి కిందికి దిగే సయాటిక్ నరానికి నష్టం స్వల్పమైతే 10, మధ్యస్థమైతే 20, ఆపైన ఇంకా ఎక్కువ. న్యూరాలజిస్టును కలిసి నరాల పరీక్ష చేయించండి. ఈ తిమ్మిరి నడుము వల్లనే వచ్చి ఉండడానికి కనీసం సగం అవకాశం ఉందని, ఎందుకో కారణం చూపిస్తూ డాక్టరు రాయాలి. కారణం లేని ఒక్క వాక్యానికి విలువ ఉండదు. నడుముకు 20, కాలికి 10 వస్తే వీఏ లెక్కలో అది 28 (20 పోగా మిగిలిన 80లో 10 శాతం, అంటే 8 కలుపుతారు), దాన్ని 30కి సవరిస్తారు. 30 శాతం నుంచి భార్యాపిల్లల పేరిట అదనపు మొత్తం కలుస్తుంది.

మళ్లీ పరీక్షకు పిలిస్తే వంగుతున్నప్పుడు నొప్పి ఎక్కడ మొదలైందో ఆ క్షణమే నోటితో చెప్పమనండి. పెంచి చెప్పవద్దు, మింగేయనూ వద్దు.

సాయానికి వీఏ గుర్తింపు పొందిన మాజీ సైనికుల సేవా సంస్థల ప్రతినిధులు ఉన్నారు, వారు రుసుము తీసుకోరు. న్యాయవాదిని పెట్టుకుంటే బకాయిలో 20 శాతం దాకా రుసుమును సమంజసంగా భావిస్తారు. పెరిగిన పింఛనులో కొన్ని నెలల మొత్తం తమకివ్వాలని ఒప్పందం రాయించుకునే వారెవరైనా ఎదురైతే, వారి పేరు వీఏ గుర్తింపు జాబితాలో ఉందో లేదో చూడకుండా సంతకం పెట్టకండి.